చెవిటి జాడ

తైగా మొరిగింది. అర్సేని కొకొరిన్ ద్రోహి అయిపోయాడు. ఇంతవరకూ నడిచిన కథంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. కరేలియా అడవిలో, ఫిన్లాండ్ వైపు సరిహద్దు కాసే చిన్న పోస్టు అది. సరిహద్దు పొడవునా నేలని మెత్తగా దున్ని, పళ్ళగొర్రు తోలి, కుందేలు దాటినా అచ్చు పడేలా ఒక పట్టీ ఉంచుతారు. ఆ దున్నిన పట్టీ మీద ఓ పొద్దున రబ్బరు బూట్ల జాడ కనబడింది. అది అవతలి దేశం వైపు పోయింది. పోస్టు కుక్క తైగాని తెచ్చి ఆ అచ్చు వాసన చూపించారు. తైగా అవతలి వైపు పోలేదు. గిర్రున వెనక్కి తిరిగి, అడవి దాటుకుని పోస్టులోకి వచ్చి, వంటగది వెనక బంగాళాదుంపలు చెక్కుతున్న సిపాయి అర్సేని ముందు నిలబడి, దొరికాడు దొరికాడన్నట్టు మొరిగింది. ఎవర్నో సరిహద్దు దాటించి వచ్చినవాడు వీడేనని తేల్చారు. పుల్లకాబేజీ పీపాలుండే కొట్టులో పెట్టి తాళం వేశారు. విచారణకి పై ఆఫీసు నుంచి మేజర్ ఇస్మాగిలోవ్ జీపులో దిగాడు.

పట్టుకున్న కుక్కకి డబ్బా మాంసం పెట్టారు. పట్టుబడ్డవాడికి చల్లారిన జావ పెట్టారు. న్యాయం అన్నాక ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా.

కొట్టు తాళం తీసి, కెప్టెన్ గదికి నడవమన్నప్పుడు అర్సేని నిజానికి సంతోషించాడు. ఎందుకంటే వాడి నిర్దోషిత్వం ఒక్క మనిషి నోట్లో ఉంది. ఆ మనిషి తైగాని చూసుకునే సార్జెంటు విటాలీ చుమక్. ఇద్దరూ ఒకే బల్ల మీద తిన్నారు, ఆవిరి స్నానాల గదిలో ఒకడి వీపు ఒకడు రుద్దుకున్నారు, కాపలాలో ఒకే సిగరెట్టు సగం సగం కాల్చారు. విటాలీ వచ్చి నిజం చెబితే చాలు. పోల్తావా వైపు నుంచి వచ్చినవాడు, పాటగాడు, కొంచెం పిరికివాడే గానీ చెడ్డవాడు కాదు. అర్సేని లెక్క అది.

గదిలో పోస్టు అధికారి కెప్టెన్ పావెల్ ఇగ్నాత్యెవిచ్ గొర్దేయెవ్ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. మేజర్ కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. గోడ మీద సరిహద్దు పటానికి ఎప్పటిలాగే గుడ్డ తెర కట్టి ఉంది. విటాలీ దాని పక్కనే బిగుసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవర్ని దాటించావు?" అన్నాడు మేజర్, పొద్దున ఏం తిన్నావని అడిగినంత మామూలుగా.

"ఎవర్నీ లేదు కామ్రేడ్ మేజర్. నేను వంటగదిలో ఉన్నాను. వంటవాణ్ణి అడగండి."

"అడిగాను. వంటవాడు తాగి పడుకున్నాడట. కుక్క మాత్రం తాగలేదు."

"కుక్క అబద్ధం ఆడిందని నేను అనట్లేదండీ. దానికి తెలిసింది అంతే. దానికి నా జాడ తప్ప ఇంకో జాడ తెలీదు."

మేజర్ గ్లాసు దించాడు. "అంటే?"

అర్సేని చెప్పాడు. వాడు చెప్పింది అర్థం కావాలంటే సరిహద్దు సిపాయిల్ని ఎలా తయారు చేస్తారో కొంచెం తెలియాలి. పిలుపు వచ్చిన కుర్రాళ్ళని ముందు శిక్షణ కేంద్రంలో పడేస్తారు. అక్కడ తుపాకీ కంటే ముందు ఇసుక మడి చూపిస్తారు. సగం మందిని అటు తిరిగి నిలబడమని, తక్కినవాళ్ళని ఆ మడి మీద రకరకాలుగా నడిపిస్తారు. ఒకడు వెనక్కి వెనక్కి నడుస్తాడు. ఒకడు ఇంకొకణ్ణి వీపున మోసుకుని దాటుతాడు. ఇంకొకడు అడవి దుప్పి గిట్టలు కర్రలకి కట్టుకుని కుంటుతాడు. తర్వాత తిరిగి చూసినవాళ్ళు చెప్పాలి, వెళ్ళింది ఎందరు, ఎటు, ఎంత బరువుతో అని. చెప్పలేనివాడు మడి అంతా మళ్ళీ చదును చెయ్యాలి. అర్సేని మొదటి నెలంతా చదును చేస్తూనే గడిపాడు.

అక్కడ దొరొఫేయిచ్ అని ఓ ముసలి శిక్షకుడు ఉండేవాడు. రెండు వేళ్ళు లేని చేత్తో కుక్క చెవులు నిమురుతూ, కుర్రాళ్ళందరికీ ఒకే పాఠం పదేపదే చెప్పేవాడు. "జాడ వేసే మనిషిని ప్రతిసారీ మార్చండర్రా. ఒక్కణ్ణే వాడారంటే మీ కుక్క దొంగని వెతకదు. చుట్టాన్ని వెతుకుతుంది."

తైగాకి సరిగ్గా అదే జరిగింది. పాత కుక్క చచ్చిపోయాక దీన్ని పిల్లగా ఉన్నప్పుడే పోస్టుకి తెచ్చారు. కుక్కల బడికి పంపే తీరిక ఎవరికీ లేకపోయింది. విటాలీయే తయారు చేశాడు. జాడ వెయ్యడానికి రోజుకో మనిషిని ఇమ్మంటే ఎవరిస్తారు? ఒకడు కాపలాలో, ఒకడు నిద్రలో, ఒకడు మంచు ఎత్తే పనిలో. అర్సేని మాత్రం ఎప్పుడూ దొరికేవాడు. దుంపలు చెక్కే పని తప్పుతుందంటే అడవిలో ఎంత దూరమైనా నడుస్తాడు. అలా రెండు శీతాకాలాలు అర్సేని ముందు నడిచాడు, తైగా వెనక వచ్చింది. తైగా దృష్టిలో జాడ అంటే అర్సేని. వాసన ఎవరిది చూపించినా అది వెతికేది అర్సేనినే.

"ఇందులో నా తప్పు కూడా ఉంది కామ్రేడ్ మేజర్. రూలు నాకూ తెలుసు. అయినా వెళ్ళాను. ఆ తప్పుకి శిక్ష వెయ్యండి, పడతాను. ద్రోహం మాత్రం చెయ్యలేదు. విటాలీని అడగండి."

మేజర్ విటాలీ వైపు తిరిగాడు. "ఏం సార్జెంట్? ఎప్పుడూ ఇతనొక్కణ్ణేనా వాడింది?"

విటాలీ పటం మీది గుడ్డకేసి చూస్తున్నాడు. ఆ గుడ్డ మీద ఏముంటుంది, మడతలు తప్ప.

"లేదు కామ్రేడ్ మేజర్. రూలు ప్రకారమే చేశాను. ప్రతిసారీ మనిషిని మార్చాను."

అర్సేనికి మొదట కోపం రాలేదు. విన్నది తప్పేమో అనుకున్నాడు.

"ఒరేయ్ విటాలీ," అన్నాడు మెల్లగా. "నన్ను కాలుస్తార్రా."

విటాలీ గుడ్డ మడతల్లోనే చూపు నిలిపాడు.

"విచారణలో నేరుగా మాట్లాడకూడదు," అన్నాడు కెప్టెన్, ఇద్దరిలో ఎవర్ని అంటున్నాడో తెలియకుండా. "కామ్రేడ్ మేజర్, తైగా మొన్న వేసవిలో మొత్తం దళంలో మొదటి బహుమతి కొట్టిన కుక్క. అక్కడ జాడ వేసింది పక్క పోస్టు మనిషి. ఒక్కడి జాడే తెలిసిన కుక్క పోటీలో ఎలా గెలుస్తుంది? ఇతగాడు ముందు బాగా ఆలోచించుకుని రావలసింది."

అప్పుడు వచ్చింది అర్సేనికి కోపం. అరికాలి నుంచి లేచింది.

ఎందుకంటే పోటీలో జాడ వేసింది పక్క పోస్టు మనిషి కాదు. పోటీ రోజు పొద్దున్నే అర్సేనిని పిలిచి, పక్క పోస్టు సిపాయి చొక్కా తొడిగించి, లారీలో వెనక కూర్చోబెట్టింది ఈ కెప్టెనే. భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. "పోస్టు పరువు నీ కాళ్ళలో ఉంది కొకొరిన్. నోరు మూసుకుని నడిచి రా. ఇంటికి పది రోజుల సెలవిస్తాను." అర్సేని నడిచి వచ్చాడు. తైగా గెలిచింది. కెప్టెన్ ఫొటో దళం పత్రికలో పడింది, రేపో మాపో మాస్కోలో పెద్ద చదువుకి పంపుతారన్నారు. సెలవు సంగతి అడిగితే మాత్రం, చలికాలం పోనీ అన్నాడు. ఇన్నాళ్ళూ అర్సేని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా, కెప్టెన్ తనంతట తనే గుర్తు చేసుకుని రక్షిస్తాడేమోనని చూశాడు. నమ్మకం అంత తేలిగ్గా చావదు, పాడుది.

"పోటీలో జాడ వేసింది నేనే," అన్నాడు. "కెప్టెన్ గారే పంపారు."

కెప్టెన్ సిగరెట్టు వెలిగించుకున్నాడు. "విన్నారా? ఇందాక సార్జెంటు, ఇప్పుడు నేను. కాసేపుంటే మీరూ ఉంటారు ఈ కుట్రలో."

అర్సేని వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ముగ్గురూ కలిసి చేసిన పాపం, ఇద్దరు చేతులు దులుపుకుంటే, మూడోవాడి దోసిట్లో కుప్పగా పడింది.

మేజర్ కుక్కల సంగతి తెలిసినవాడు కాదు, అది ముఖంలోనే తెలుస్తోంది. కానీ ముప్పై ఏళ్ళు మనుషుల్ని ప్రశ్నలడిగి బతికినవాడు. చివరికి టీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు.

"దీనికి గొడవెందుకు? కుక్క ఉంది, నేల ఉంది. నా డ్రైవర్ని ఈ కుక్క ఎన్నడూ చూడలేదు. వాడు నడుస్తాడు. కుక్క వాడి వెంట పోతే కొకొరిన్ అబద్ధాలకోరు. కొకొరిన్ దగ్గరికి వస్తే... అప్పుడు వేరే మాట్లాడుకుందాం. చెవిటి జాడ వెయ్యండి."

కుక్కలవాళ్ళ మాట అది, మేజర్ ఎక్కడో విని ఉంటాడు. జాడ ఎటు పోయిందో కుక్కని పట్టుకున్నవాడికి కూడా తెలియనివ్వకుండా పెట్టే పరీక్షని వాళ్ళు చెవిటి జాడ అంటారు. ఎవరి చెవినా పడకూడదు కనక చెవిటిది. తక్కిన పరీక్షలన్నీ ఆటలు. అసలు కుక్కేదో, ఉత్త కుక్కేదో తేలేది ఇక్కడే.

"డ్రైవర్ ఎటు పోవాలో నాకు చెప్పాలి కామ్రేడ్ మేజర్," అన్నాడు కెప్టెన్. "ఎటు పడితే అటు తిరిగితే నా కాపలావాళ్ళు కాలుస్తారు."

అది నిజమే. మేజర్ తల ఊపాడు. మేజర్, డ్రైవర్, కెప్టెన్ గుడ్డ తెర తీసి పటం ముందు గుసగుసలాడుకున్నారు. విటాలీని, అర్సేనిని బయటికి పంపారు.

వసారాలో ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాపలావాడు రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"నాకు ఇంకో ఆరు నెలలే ఉంది తమ్ముడూ," అన్నాడు విటాలీ పెదవులు కదపకుండా. "ఆరు నెలలైతే ఇంటికి. నిజం చెబితే శిక్షా బెటాలియన్. ఆ కాలం సర్వీసులో కలవదు, తెలుసా? తైగాని కూడా కాల్చేస్తారు. పాడైన కుక్కని ఉంచరు."

"మరి నన్ను ఉంచుతార్రా?"

"నిన్ను కాల్చరు. ఊరికే బెదిరిస్తారు. జైలంతే."

జైలంతే. అర్సేని ఆ మాటని నోట్లో తిప్పుకున్నాడు, చేదుగా ఉంది. "బాగానే ఆలోచించావు," అన్నాడు. "నేను జైలుకి, నువ్వు ఇంటికి, కుక్క పతకానికి."

విటాలీ ఏదో అనబోయాడు. ఇంతలో తలుపు తెరిచి కెప్టెన్ బయటికొచ్చాడు. "చుమక్, కుక్కని సిద్ధం చెయ్యి. పద, మెడపట్టీ నేను చూస్తాను," అంటూ విటాలీని వెంటబెట్టుకుని కుక్కల పాక వైపు నడిచాడు. కెప్టెన్ గారికి మెడపట్టీల మీద అంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో.

డ్రైవర్ నడిచి వెళ్ళి చాలాసేపయ్యాక అందర్నీ మైదానం అంచున నిలబెట్టారు. సన్నగా తుంపర పడుతోంది, బూడిద రంగు పగలు. అర్సేనిని కంచె పక్కన, కుక్కకి కనబడేంత దూరంలోనే ఉంచారు. విటాలీ పొడుగు తాడుతో తైగాని తెచ్చి డ్రైవర్ బూటు అచ్చు దగ్గర కూర్చోబెట్టాడు.

"వాసన," అన్నాడు.

తైగా ముక్కు అచ్చులో పెట్టింది. పెట్టి, తలెత్తి, మైదానం మీదుగా నేరుగా అర్సేని వైపు చూసింది. తోక ఒక్కసారి ఊపింది. అర్సేని మనసులోనే పిలిచాడు. రావే తల్లీ, రా.

విటాలీ తాడు పొట్టిగా చుట్టుకున్నాడు. "వెతుకు," అంటూ ముందు తనే కదిలాడు.

తైగా కదిలింది. అర్సేని వైపు కాదు, చిట్టడవి వైపు. మేజర్ చేతులు వెనక కట్టుకుని వెంట నడిచాడు, తక్కినవాళ్ళు వాళ్ళ వెనక. అర్సేనిని కూడా నడిపించారు. నిజమైన జాడ మీద కుక్క ఎలా పోతుందో అర్సేనికి తెలుసు. తాడు పూర్తిగా సాగిపోతుంది, కుక్క లాగుతుంటే వెనక మనిషి తూలుతూ పరిగెత్తుతాడు. ఇక్కడ తాడు చేతికి చుట్టి ఉంది. విటాలీ మోకాలు కుక్క భుజం పక్కనే ఉంది. విరిగిన బర్చ్ చెట్టు దగ్గర దారి ఎడమకి తిరిగింది. అక్కడ ముందు తిరిగింది విటాలీ. తర్వాత తిరిగింది తైగా.

అర్సేనికి అప్పుడు తెలిసింది. ఈ జాడ చెవిటిది కాదు. ఎవరో దీనికి చెవులు తగిలించారు. దారి తెలిసినవాళ్ళు ముగ్గురు. డ్రైవర్ పొదల్లో ఉన్నాడు, మేజర్ పక్కనే నడుస్తున్నాడు. ఇక మిగిలింది మెడపట్టీలు చూసే పెద్దమనిషి.

పాత రంపపు మిల్లు దగ్గర డ్రైవర్ దొరికాడు. విటాలీ సైగ చెయ్యగానే తైగా మొరిగింది, మొక్కుబడిగా. కెప్టెన్ టోపీ సర్దుకున్నాడు. మేజర్ అర్సేని వైపు తిరిగాడు, ముఖంలో విసుగు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం ఆగితే అంతా అయిపోయేది.

"కామ్రేడ్ మేజర్," అన్నాడు అర్సేని, "తాడు తీసి వదలమనండి."

"ఏమిటి?"

"కుక్క మనిషిని నడిపించలేదండీ, మనిషి కుక్కని నడిపించాడు. చెట్టు దగ్గర ఎవరు ముందు తిరిగారో మీరూ చూశారు. తాడు లేకుండా వదలండి. నన్ను కొట్టులో పెట్టి తాళం వెయ్యండి, నేను సైగ చేశానని అనకుండా. జాడ మాత్రం దారి ఎవరికీ చెప్పని మనిషి వెయ్యాలి."

"తాడు లేకుండా జాడ పట్టించడం నియమాలకి విరుద్ధం," అన్నాడు కెప్టెన్. ఈసారి కొంచెం తొందరగా అన్నాడు. ఆ తొందరని మేజర్ విన్నాడు.

"నేనే నడుస్తాను," అన్నాడు మేజర్.

"కామ్రేడ్ మేజర్, కాపలావాళ్ళు మిమ్మల్ని—"

"కాలిస్తే మీరు వాళ్ళకి బాగా నేర్పినట్టే, పావెల్ ఇగ్నాత్యెవిచ్. మెచ్చుకుంటాను."

అలా అర్సేని మళ్ళీ కాబేజీ పీపాల మధ్యకి వచ్చాడు. బయట గడియ పడింది. పీపా మీద కూర్చుని చెవులు రిక్కించాడు. తుంపర కప్పు మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపైందో తెలియదు. తైగా ఈసారి నిజంగానే మేజర్ వెంట పోతే? రెండు శీతాకాలాల్లో ఎప్పుడో ఒకసారి విటాలీ ఇంకొకణ్ణి వాడి ఉంటే? తన ప్రాణం కుక్క బుద్ధి మీద ఆధారపడిందని తెలిశాక కూర్చోలేక లేచి తలుపు దగ్గరికి వచ్చాడు.

బురదలో పంజాల చప్పుడు. తర్వాత చెక్కల సందులోంచి వెచ్చని ఊపిరి, సన్నటి కూత. తైగా తలుపుని గోళ్ళతో గీకింది.

దాని వెనకే రొప్పుకుంటూ మనిషి వచ్చాడు. విటాలీ. తక్కినవాళ్ళు ఇంకా మైదానంలోనే ఉన్నారు.

"అర్సేనీ," తలుపుకి నోరు ఆనించి గబగబా అన్నాడు. "మొరగనివ్వకురా. నీ మాట వింటుంది. వెనక్కి పొమ్మను, పోతుంది. మొరిగిందంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని పిల్లప్పటి నుంచి నా కోటులో పెట్టుకుని పెంచాన్రా. నీకు దణ్ణం పెడతాను."

"నా కోసం ఒక్క మాట చెప్పమంటే చెప్పలేదు," అన్నాడు అర్సేని. "దీని కోసం దణ్ణాలు పెడుతున్నావా?"

"అది నోరు లేనిది."

"కెప్టెన్ గదిలో నీకూ లేకపోయింది."

అవతల ఏడుపు వినబడింది. మనిషిదే. అర్సేని నుదురు చెక్కకి ఆనించి నిలబడ్డాడు. ఒక్క మాట, నీ చోటుకి పో అంటే చాలు, తైగా వెళ్ళిపోతుంది. పోతే తను జైలుకి, అంతకంటే దూరానికి. అనకపోతే, తన వెనక రెండేళ్ళు తోక ఊపుకుంటూ తిరిగిన జీవిని తనే చంపినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి తవ్వినవాడేమో రొమ్ము మీద పతకాలతో మైదానంలో నిలబడ్డాడు. అర్సేని పళ్ళు బిగించుకున్నాడు. ఆ మాట అనలేదు.

తైగా మొరిగింది. ఎవరి సైగా అక్కర్లేకుండా, గొంతు నిండుగా, పోస్టంతా వినబడేలా.

తలుపు తెరిచింది మేజరే. పొదల్లో నడిచి మోకాళ్ళ దాకా తడిశాడు. తైగా ఆయన్ని పట్టించుకోకుండా లోపలికి దూరి అర్సేని ముందు కూర్చుంది. మేజర్ దాన్ని కాసేపు చూసి, విటాలీని చూసి, చివరికి కెప్టెన్ని చూశాడు.

"నేను స్నానాల గది వెనక నిలబడి జలుబు తెచ్చుకున్నాను," అన్నాడు. "మీ మొదటి బహుమతి నా పక్క నుంచే పరిగెత్తుకుంటూ పోయింది, నేనో కట్టెల మోపునైనట్టు. ఇన్నాళ్ళూ మనం వంటగది పిల్లాణ్ణి కొట్టులో పెట్టి తాళం వేసుకుని కూర్చున్నాం. దాటినవాడు ఈపాటికి అవతల కాఫీ తాగుతుంటాడు. అర్థమవుతోందా పావెల్ ఇగ్నాత్యెవిచ్?"

కెప్టెన్ కుక్క కేసి చూశాడు.

"దళం ఆఫీసుకి ఫోన్ చేస్తాను. రేపు కమిషన్ వస్తుంది. వాళ్ళ ముందు ఈ కుక్కని ఇలాగే మళ్ళీ వదులుతాం. ఆ పోటీ సంగతి కూడా అప్పుడే తేలుతుంది." అర్సేని భుజం తట్టబోయి, ఎందుకో తట్టకుండా, మేజర్ ఫోన్ గదిలోకి వెళ్ళాడు.

తలుపు మూసుకుంది. లోపల ఆయన ఆపరేటర్ని కేకలేస్తున్నాడు. అడవి లైను, అంత తొందరగా కలవదు.

కెప్టెన్ కాపలావాడి దగ్గరికి వెళ్ళి, వాడి భుజాన ఉన్న తుపాకీ తీసుకుని, వాణ్ణి గేటు దగ్గరికి పంపేశాడు. తర్వాత అర్సేని దగ్గరికి వచ్చాడు. గొంతు మళ్ళీ పోటీ రోజు పొద్దున్నలాగే ఉంది, తండ్రి గొంతు.

"దాని నోరు చూశావా కొకొరిన్? నురగ. అడవి నక్కల రోగం తగిలింది. పిచ్చికుక్క."

"పరిగెత్తొచ్చింది కామ్రేడ్ కెప్టెన్. అందుకే నురగ."

"పిచ్చికుక్క అంటున్నాను. పిచ్చిది కనకే ఆ రోజు నీ మీద మొరిగింది, ఇవాళ కూడా మొరిగింది. దానికి జాడ లేదు, వాసన లేదు. అంటే నీ మీద నేరమూ లేదు. నేనే రాసిస్తాను." తుపాకీ ముందుకు చాపాడు. "అది రేపటిదాకా బతికితే కమిషన్ వస్తుంది. కమిషన్ వస్తే పోటీలో దొంగ చొక్కా వేసుకుని నడిచింది ఎవరని అడుగుతారు. నువ్వే. శిక్షా బెటాలియన్లో నువ్వూ చుమక్ పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. అది ఇప్పుడే పోతే ఎవరికీ ఏమీ లేదు. చుమక్ ఇంటికి పోతాడు. నువ్వు సోమవారం సెలవు మీద రైలెక్కుతావు. ఈసారి నిజంగా."

"మరి దాటినవాడు?"

"వాడు ఎలాగూ పోయాడు."

అర్సేని తుపాకీ అందుకున్నాడు. ఎందుకు అందుకున్నాడో వాడికే తెలియదు. ఆజ్ఞ ఇచ్చే చెయ్యి ముందుకొస్తే తీసుకునే చెయ్యి దానంతట అదే లేవాలని శిక్షణ కేంద్రంలో నేర్పారు. ఇసుక మడి కంటే బాగా నేర్పిన పాఠం అదొక్కటే.

విటాలీ అడ్డం పడతాడనుకున్నాడు. ఇందాక తలుపు అవతల ఏడ్చినవాడు, దణ్ణం పెట్టినవాడు. విటాలీ వచ్చాడు కూడా. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, తైగా మెడ కావలించుకుని, దాని చెవిలో ఏదో అన్నాడు. తర్వాత మెడపట్టీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

అడ్డం పడటానికి కాదు. కుక్క కదలకుండా ఉండటానికి.

"తొందరగా కానీరా," అన్నాడు విటాలీ.

ఫోన్ గదిలో లైను కలిసినట్టుంది, మేజర్ తన పేరు చెబుతున్నాడు. అర్సేని తుపాకీ సేఫ్టీ మీట కిందికి నొక్కాడు. గొట్టం కుక్క మీంచి కెప్టెన్ వైపు ఎత్తాడు. కెప్టెన్ గొర్దేయెవ్ ముఖంలోని చిరునవ్వు ఆగిపోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.